మూడు నుంచి ఆరేళ్ల పిల్లలతో ఈస్టర్ క్రాఫ్ట్స్: ఒక క్లాస్ కేస్ స్టడీ

నేను ప్రీస్కూల్ టీచర్‌ని. ఆదివారాలు చర్చిలో చిన్నపిల్లల క్లాస్ కూడా చూస్తాను, ఈ కేసు ఆ క్లాస్‌ది. మూడేళ్ల నుంచి ఆరేళ్ల వరకు పిల్లలు, డజనుకి అటూ ఇటూ, అందరూ ఒకే పొడుగు బల్ల చుట్టూ కూర్చుంటారు. ఒకరు క్రేయాన్‌ని ఇంకా పిడికిలితో పట్టుకుంటారు, పక్కనే కూర్చున్న పాప తన పేరు తనే రాసుకుంటుంది. ఒకమ్మాయిది ఎడమచేతివాటం. నాలుగేళ్ల బాబు ఒకడు తడిగా ఉన్నదాన్నీ జిగురుగా ఉన్నదాన్నీ అస్సలు ముట్టుకోడు, గమ్ డబ్బా మూత తీస్తే చాలు కుర్చీ వెనక్కి జరుపుకుంటాడు.

నన్ను అడిగిన పని మామూలుదే. ఈస్టర్ రోజు ఆరాధన అయ్యాక హాల్లో ఒక బల్ల మీద పిల్లలు చేసినవి పెట్టాలి, చూడ్డానికి బాగుండాలి. చూడ్డానికి బాగుండాలన్న తాపత్రయంలోనే ఈ వయసు పిల్లల క్రాఫ్ట్ చాలా చోట్ల పెద్దవాళ్ల క్రాఫ్ట్ అయిపోతుంది. టీచర్ ముక్కలన్నీ ముందే కత్తిరించి తెస్తుంది, గమ్ తనే రాస్తుంది, పిల్లవాడి వేలు పట్టుకుని కుందేలు కన్ను సరైన చోట అంటిస్తుంది, చివరికి డజను కుందేళ్లూ అచ్చు గుద్దినట్టు ఒకేలా ఉంటాయి. అందుకని ప్రతి ఐడియాకీ ఒకటే పరీక్ష పెట్టాను: పెద్దవాళ్లు చేసిన పని తీసేస్తే ఇందులో పిల్లవాడు చేసింది ఏం మిగులుతుంది? చూసినవాళ్లకి ముందుగా కనబడే పని ఒక్కటైనా పూర్తిగా పిల్లవాడి చేత్తో జరగాలి. అది లేకపోతే ఎంత ముద్దొచ్చే ఐడియా అయినా పక్కన పెట్టేశాను.

ఆ పరీక్ష పెట్టాలంటే ఏ వయసు చేతులు ఏం చేయగలవో తెలిసుండాలి. మూడేళ్లకి చింపడం, చల్లడం, ముంచడం, గుచ్చడం, కత్తెరతో ఒక్క కోత కోయడం, అంతే. నాలుగేళ్లకి తిన్నని గీత మీద కత్తిరిస్తారు. వంపులూ గుండ్రాలూ ఐదు దాటాక కుదురుతాయి. పిల్లల బొమ్మల్ని దశలుగా వివరించిన విక్టర్ లోవెన్‌ఫెల్డ్ రెండు నుంచి నాలుగేళ్ల మధ్య కాలాన్ని పిచ్చిగీతల దశగా చూశాడు. అంటే మూడేళ్ల పాప గుడ్డు మీద గజిబిజిగా గీతలు గీసిందంటే ఆ వయసుకి అది పూర్తయిన బొమ్మే, దాన్ని పెద్దవాళ్లు సరిదిద్దాల్సిన పనిలేదు.

వద్దనుకున్నవి కూడా చెప్పాలి. బెలూన్ మీద కాగితం ముక్కలు అంటించి చేసే పెద్ద గుడ్డు వద్దనుకున్నాను, పగిలిన బెలూన్ ముక్క గొంతుకు అడ్డం పడితే ఊపిరాడదు, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకి ఆ ప్రమాదం ఉందనే హెచ్చరిక బెలూన్ ప్యాకెట్ల మీద వేస్తారు. పచ్చి గుడ్డుకి కన్నం పెట్టి నోటితో ఊది ఖాళీ చేసే పద్ధతి కూడా వద్దు, పచ్చి గుడ్డులో సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బ్యాక్టీరియా ఉండొచ్చు, మూడేళ్ల పిల్లల నోటి దగ్గరికి అది రాకూడదు. పూసలు, అంటించే కళ్లు, చిన్న బటన్లు: మూడేళ్లలోపు పిల్లల ఆటబొమ్మల్ని పరీక్షించే గొట్టం అడ్డుకొలత 31.7 మిల్లీమీటర్లు, అందులో పట్టేసే వస్తువు మింగేంత చిన్నదని లెక్క. మా పిల్లలకి మూడు దాటినా వాళ్ల చెల్లెళ్లూ తమ్ముళ్లూ అదే హాల్లో పాకుతుంటారు కాబట్టి ఆ కొలతనే పెట్టుకున్నాను. గ్లిట్టర్ సంగతి సరేసరి. పొడిగా చల్లే ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాన్ని యూరోపియన్ యూనియన్ 2023 అక్టోబర్ నుంచి ఆపేసింది, పిల్లల కళ్లలో పడకుండా ఉండటానికైనా మనమూ ఆపేయొచ్చు.

గుడ్లకి రంగులు

అన్నిటికంటే ఎక్కువ పని దీంట్లోనే జరిగింది, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ రాస్తున్నాను. ఎవరికైనా గుడ్డు అలర్జీ ఉందా అని ముందే ఇళ్లకి చీటీ పంపి అడిగాను, ఎవరికీ లేదు. ఒక్కరికి ఉన్నా అసలు గుడ్లు క్లాస్‌లోకి తీసుకురాను. మందపాటి కాగితాన్ని గుడ్డు ఆకారంలో కత్తిరించి, క్రేయాన్‌తో గీయించి, పైన వాటర్ కలర్ పూయిస్తే సరిగ్గా ఇదే పని జరుగుతుంది, ఎవర్నీ విడిగా కూర్చోబెట్టక్కర్లేదు.

తెల్ల గుడ్లు తీసుకుని పదీ పన్నెండు నిమిషాలు గట్టిగా ఉడికించాను. గోధుమ రంగు పెంకు మీద లేత రంగులు తేలవు. ఉడికించడం, రంగు నీళ్లు కలపడం, ఈ రెండూ నా పనులు. 120 మిల్లీలీటర్ల వేడి నీళ్లకి ఒక టీస్పూన్ వెనిగర్, పది నుంచి ఇరవై చుక్కల ఫుడ్ కలర్, పిల్లల దగ్గరికి వచ్చేసరికి అవి గోరువెచ్చగా ఉండాలి. కప్పులు బరువైనవీ అడుగు వెడల్పుగా ఉన్నవీ ఎంచుకుని సగానికే నింపాను, ఒక్కో కప్పుని అంచున్న ట్రేలో పెట్టాను. కప్పు ఒరిగినా రంగు ట్రే దాటదు కాబట్టి పెద్దవాళ్ల అరుపులుండవు. చిన్నపిల్లల క్లాస్‌లో పెద్దవాళ్ల అరుపే పిల్లల చేతుల్ని ఆపేస్తుంది.

రంగులో ముంచే ముందు క్రేయాన్‌తో గీయడం, అదీ పిల్లల పని. క్రేయాన్‌లో మైనం ఉంటుంది, మైనం ఉన్న చోట నీళ్ల రంగు పట్టదు, గీత అలాగే నిలబడుతుంది. గుడ్డు కొంచెం వెచ్చగా ఉన్నప్పుడు గీస్తే మైనం మెత్తబడి ఏ బలమూ పెట్టకుండానే జారుతుంది, పిడికిలితో పట్టుకునే పిల్లలకి అది చాలా సాయం. ఈ క్రాఫ్ట్‌కి తెల్ల క్రేయాన్ వాడమని చాలామంది చెబుతారు, రంగు పడగానే గీత మాయగా బయటపడుతుందని. ఐదారేళ్ల వాళ్లకి అది నిజంగా సరదా. మూడేళ్ల పిల్లలకి మాత్రం తెల్ల గుడ్డు మీద తెల్ల గీత కనబడదు, కనబడనిదాన్ని వాళ్లు రెండు గీతలతోనే వదిలేస్తారు. అందుకే చిన్నవాళ్లకి పసుపు, నారింజ క్రేయాన్లు ఇచ్చాను, పెద్దపిల్లలకి తెల్లవి.

మూడేళ్ల పాప ఒకతి పసుపు క్రేయాన్‌తో గుడ్డు చుట్టూ తిప్పి తిప్పి గీసింది, గుడ్డు జారిపోకుండా ఎడమ చేతి మడతలో పెట్టుకుని, నాలుక కొంచెం బయటపెట్టి. తర్వాత స్పూన్‌లో పెట్టుకుని నీలం కప్పులోకి దించింది, జారవిడిస్తే అడుగున తగిలి పగులుతుందని మాత్రం ఒక్కసారి చూపించాను. పైకి తీసేసరికి నీలం మధ్యలో పసుపు చుట్లు. బొటనవేలితో గట్టిగా రుద్ది చూసింది, గీత పోలేదు. మళ్లీ రుద్దింది. ఆ తర్వాత బల్ల చుట్టూ ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి రుద్దమని ఇచ్చింది. ఈ గుడ్డులో నా చెయ్యి ఎక్కడుందని వెతికితే ఉడికించడంలోనూ కప్పులోనూ దొరుకుతుంది, చూసేవాళ్లకి కనబడేది మొత్తం ఆ పాపదే.

ఎర్ర కప్పులోకి తొంగిచూస్తున్న ఆరేళ్ల బాబు "టీచర్, గుడ్డు ఊపిరి పీలుస్తోందా?" అని అడిగాడు. పెంకు నిండా సన్నని బుడగలు. పెంకులో ఎక్కువ భాగం కాల్షియం కార్బొనేట్, వెనిగర్ దాన్ని కొద్దికొద్దిగా కరిగిస్తుంటే కార్బన్ డయాక్సైడ్ బయటికి వస్తుంది, ఆ బుడగలు అవే. వాడితో "పెంకులో సున్నం లాంటిది ఉంది నాన్నా, వెనిగర్ దాన్ని కొంచెం కొంచెం కొరుకుతోంది, అప్పుడొచ్చే గాలి ఇది" అన్నాను. ఆ పులుపు వల్లే రంగు పెంకుని అంటిపెట్టుకుంటుంది కూడా. అలాగని మరీ ఎక్కువసేపు వదిలేస్తే పై పొర కరిగి రంగు అట్టలు అట్టలుగా ఊడివస్తుంది. ఐదు నిమిషాలు సరిపోతుంది. ఐదు నిమిషాలంటే ఎంతో ఈ పిల్లలకి తెలీదు కాబట్టి ఇసుక గడియారం పెట్టాను, ఇసుక రాలుతుంటే కూర్చుని చూశారు, "అయిందా, అయిందా" అని ఒక్కరూ అడగలేదు.

మైనంతో గీసి లేత రంగు నుంచి ముదురు రంగుకి వరసగా ముంచుకుంటూ పోయే ఈ పద్ధతి ఉక్రెయిన్‌లో పిసాంకా పేరుతో పెద్ద కళ. 2024లో యునెస్కో దాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. గ్రీకు ఆర్థడాక్స్ కుటుంబాల్లో గుడ్లకి ఎరుపే వేస్తారు, క్రీస్తు రక్తానికి గుర్తుగా. ఇవి పిల్లలకి రెండు మాటల్లో చెప్పాను, తల్లిదండ్రులకి కొంచెం ఎక్కువ చెప్పాను, ఎందుకంటే ఈస్టర్ గుడ్డు అంటే ఏదో చాక్లెట్ వాళ్ల ప్రకటనలోంచి పుట్టిందని వాళ్లలో కొందరు నిజంగానే అనుకుంటున్నారు. ఉల్లిపొట్టు ఉడికించి నారింజ రంగు, ఎర్ర క్యాబేజీతో నీలం, పసుపుతో పసుపుపచ్చ రంగు తీయొచ్చు, అందంగానే ఉంటాయి. కానీ పొయ్యి దగ్గర పనంతా పెద్దవాళ్లది, క్యాబేజీ రంగు బాగా పట్టాలంటే గంటలకొద్దీ నానాలి, మూడేళ్ల పిల్లలకి అంతసేపు చేయడానికి ఏమీ ఉండదు. ఇంట్లో ఒకరిద్దరు పిల్లలతో అయితే చేయండి, క్లాస్‌కి మాత్రం నేను తీసుకోను.

ఒక జాగ్రత్త. ఉడికిన గుడ్డు ఫ్రిజ్ బయట రెండు గంటలు దాటితే తినకూడదు, ఫ్రిజ్‌లో పెట్టినా వారం లోపు అయిపోవాలి. అందుకే బల్ల మీద పెట్టేవి వేరు, తినేవి వేరు అని మొదటే విడదీసి రెండు బుట్టల్లో పెట్టాను.

గమ్ ముట్టుకోని బాబు

ఈ బాబు కోసమే రెండు క్రాఫ్ట్‌లు ఎంచుకున్నాను, అవి మిగతా అందరికీ కూడా పనికొచ్చాయి. కొందరు పిల్లల చర్మానికి తడీ జిగురూ నిజంగానే భరించరానివిగా అనిపిస్తాయి, అందులో మొండితనం ఏమీ ఉండదు. చెయ్యి పట్టుకుని గమ్‌లో ముంచితే అలవాటవుతుందని కొందరు పెద్దవాళ్లు అనుకుంటారు, దానివల్ల క్లాస్ అంటేనే భయం పట్టుకుంటుంది. వాడికి నేనిచ్చినవి మూడే: పనిముట్టు, పక్కన పొడి గుడ్డ, వద్దనే హక్కు.

మొదటిది రంగుల శిలువ. నల్లటి మందపాటి కాగితంలో శిలువ ఆకారం కత్తిరించి తీసేస్తే మధ్యలో ఖాళీ మిగులుతుంది, దాని వెనక ఒకవైపు అంటుకునే పారదర్శక షీటు, పుస్తకాలకి అట్ట వేసుకునే రకం, అంటించి జిగురు వైపు పైకి పెట్టాలి. ఇంతవరకు టీచర్ పని. పిల్లలు టిష్యూ పేపర్‌ని చిన్న చిన్న ముక్కలుగా చింపి ఆ ఖాళీలో పడేయాలి. గమ్ లేదు, తడి లేదు, ముక్క ఎక్కడ పడితే అక్కడ అంటుకుంటుంది. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే రంగులు కలిసి కిటికీ వెలుగులో కొత్త రంగు కనబడుతుంది. బొటనవేలు, చూపుడువేలుతో పట్టి చింపడమంటే పెన్సిల్ పట్టుకోవడానికి కావాల్సిన వ్యాయామం కూడా. ఆ బాబు ముక్కల్ని షీటుకి ఒక జానెడు పైనుంచి వదిలాడు, వేళ్లు జిగురుకి తగలకుండా. వాడి శిలువలో రంగులు చెల్లాచెదురుగా, మధ్యమధ్య ఖాళీలతో ఉన్నాయి, కిటికీకి అంటిస్తే ఆ ఖాళీల్లోంచి వెలుగు తిన్నగా వచ్చింది. నాకైతే అన్నిట్లోకీ అదే నచ్చింది.

రెండోది సమాధి తోట. యోహాను సువార్త 19:41లో యేసుని సిలువ వేసిన చోట ఒక తోట, ఆ తోటలో ఎవరినీ ఉంచని కొత్త సమాధి ఉన్నాయని ఉంది. ఈ క్రాఫ్ట్‌కి ఆధారం ఆ వాక్యమే. లోతులేని ట్రేలో మట్టి నింపి, చిన్న మట్టికుండీని పక్కకి పడుకోబెట్టి, మీద మట్టి కప్పితే గుహలా అవుతుంది. మూతికి అడ్డంగా ఒక రాయి, పిల్లల అరచేతి కంటే పెద్దది, నోట్లో పట్టనిది. పుల్లలతో మూడు శిలువలు, పైన గింజలు. ఇందులో పెద్దవాళ్ల పని దాదాపు లేదు, పుల్లలకి దారం ముడి వేయడం తప్ప.

బాబు మట్టి ముట్టుకోలేదు. స్పూన్‌తో పోశాడు, తర్వాత స్ప్రే బాటిల్ పట్టుకున్నాడు, ఆ బాటిల్ క్లాస్ అయిపోయేదాకా వదల్లేదు. నీళ్లు చల్లే పని వాడిదని మిగతా పిల్లలే ఒప్పేసుకున్నారు, తర్వాతి ఆదివారం వాడు తలుపు దగ్గరనుంచే "నా బాటిల్ ఏది టీచర్?" అన్నాడు. స్ప్రే మీట నొక్కే కండరాలే కత్తెరకి కూడా కావాలి, కాబట్టి అది ఊరికే కాలక్షేపం కాదు. ఈస్టర్ అయ్యేనాటికి కూడా వాడు గమ్ ముట్టుకోలేదు. ముట్టుకోవాలన్నది మా లక్ష్యాల్లో లేదు, బల్ల దగ్గర అందరితో కూర్చోవాలన్నది ఉంది, అది జరిగింది.

తోట వల్ల ప్రశ్నలు చాలా వచ్చాయి, వాటికి సిద్ధంగా ఉండండి. నాలుగేళ్ల పాప ఒకతి కాసేపటికోసారి రాయి జరిపి లోపలికి చూసింది. లోపల ఎవరున్నారు, చీకటిగా ఉంటే భయం వేయదా, మా తాతయ్య కూడా ఇలాగే ఉన్నాడా. చావు గురించి ఈ వయసు పిల్లలు సూటిగా అడుగుతారు, జవాబు కూడా సూటిగా చిన్నదిగా ఉండాలి. "నిద్రపోతున్నారు" అని నేను ఎప్పుడూ అనను, రాత్రి నిద్రపోవడానికి భయపడతారు. "యేసు చనిపోయారు, ఇక్కడ పెట్టారు, ఆదివారం పొద్దున్న ఆడవాళ్లు వచ్చి చూస్తే రాయి పక్కకి దొర్లి ఉంది, లోపల ఆయన లేరు, లేచారు" అని చెప్పి ఆపేశాను. తాతయ్య గురించిన ప్రశ్న మాత్రం ఇంటికి వెళ్లాక అమ్మతో మాట్లాడాల్సినదని ఆ తల్లికి ఫోన్ చేసి చెప్పాను. గుడ్ ఫ్రైడే నాడు పిల్లలే రాయి మూశారు, ఈస్టర్ పొద్దున్న వాళ్లే తీశారు.

మిగిలినవి, బల్ల మీద ఏం జరిగింది

కత్తెర పనికి సన్నని అట్టని రెండు సెంటీమీటర్ల వెడల్పు పట్టీలుగా ఇచ్చాను. ఒక్క కోతకి తెగే వెడల్పు అది, కాగితమైతే వంగిపోతుంది, అట్ట నిలబడుతుంది. అలా తెగిన ముక్కలన్నీ గుడ్ల బుట్టలో గడ్డిలా పరిచాం. ఎడమచేతి పాపకి ఎడమచేతి కత్తెర తెప్పించాను. మామూలు కత్తెరని ఎడమ చేత్తో పట్టుకుంటే పై పలక గీతని కప్పేస్తుంది, నొక్కేకొద్దీ పలకలు దూరం జరుగుతాయి, కాగితం తెగకుండా నలుగుతుంది. ఆ పిల్లకి కత్తెర రాదని వాళ్లింట్లో అనుకుంటున్నారు, కత్తెర మార్చిన రోజే గీత మీద కత్తిరించింది.

అరచేతి లిల్లీ పువ్వు: కాగితం మీద చెయ్యి పెట్టి చుట్టూ గీసి, ఆ ఆకారాన్ని కత్తిరించి, గరాటులా చుట్టి, వేళ్లని పెన్సిల్‌కి చుట్టి వంచాలి. ఐదు దాటినవాళ్లకి బాగుంది. చిన్నవాళ్లకి కత్తిరించడం, చుట్టడం రెండూ మేమే చేయాల్సి వచ్చింది, నా పరీక్షలో అది నిలబడదు, ఇకముందు పెద్దపిల్లలకే. పేపర్ ప్లేట్ మీద దూది అంటించే గొర్రెపిల్ల మూడేళ్లవాళ్లకి సరిపోతుంది, అంతకంటే దాని గురించి చెప్పేదేమీ లేదు.

కుందేలుకీ ఈస్టర్‌కీ ఏం సంబంధమని ఒక అమ్మ అడిగారు. గుడ్లు తెచ్చే కుందేలు కథ జర్మన్ ప్రాంతాలది, 1682లో గియోర్గ్ ఫ్రాంక్ ఫాన్ ఫ్రాంకెనావ్ అనే వైద్యుడు దాని గురించి రాశాడు, అక్కడి నుంచి వలస వెళ్లినవాళ్లతో అమెరికాలోని పెన్సిల్వేనియాకి చేరింది. బైబిల్లో లేదు. కావాలనుకున్నవాళ్లు చేయించొచ్చు, మా బల్ల మీద పెట్టలేదు.

ప్రదర్శనకి ప్రతి వస్తువు పక్కనా ఒక చిన్న కార్డు పెట్టాం, దాని మీద ఆ పిల్లవాడు దాని గురించి చెప్పిన మాట, చెప్పింది చెప్పినట్టు రాశాం. "ఇది వాన పడుతున్న గుడ్డు." "రాయి నేనే తీశా." "ఇందులో ఎర్రది అమ్మకి." ఒక నాన్నగారు కార్డులు చదవకముందు "మేడమ్, ఇంకొంచెం నీట్‌గా చేయించి ఉండొచ్చు కదా" అన్నారు. వాళ్లబ్బాయినే పిలిచి గుడ్డు ఎలా చేశాడో చెప్పమన్నాను. క్రేయాన్ నుంచి బుడగల దాకా, వెనిగర్ వాసన దాకా, ఒక్క మెట్టు వదలకుండా చెప్పాడు. తన చేత్తో చేశాడు కాబట్టే చెప్పగలిగాడు, ఆయన తర్వాత నీట్ మాట ఎత్తలేదు. ఒకేలా ఉన్న గుడ్లు రెండు కూడా లేవు, ఎవరిది ఏదో పేరు చూడకుండా పిల్లలే గుర్తుపట్టారు.

మీరు చేయాలనుకుంటే ముందు క్యాలెండర్ చూసుకోండి. ఈస్టర్ మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే పౌర్ణమి దాటిన ఆదివారం, అందుకే అది మార్చి 22 నుంచి ఏప్రిల్ 25 వరకు ఎప్పుడైనా పడుతుంది. చాలా ఆర్థడాక్స్ చర్చిలు పాత జూలియన్ క్యాలెండర్ ప్రకారం లెక్కిస్తాయి కాబట్టి వాళ్ల తేదీ తరచూ వేరుగా ఉంటుంది. 2027లో మార్చి 28న ఈస్టర్. తోటలో గడ్డి గింజలు మొలవడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది, వాటిని మార్చి 14 ఆదివారం చల్లాలి. ఆవాలు రెండు నాలుగు రోజుల్లోనే మొలుస్తాయి, ముందే చల్లితే పండుగ నాటికి పొడుగై వాలిపోతాయి, కాబట్టి వాటిని మార్చి 21న, మట్టల ఆదివారం చల్లితే చాలు. రంగుల శిలువ ఆ మధ్య ఎప్పుడైనా చేయించొచ్చు, గుడ్లు మాత్రం 27 శనివారం.